రెండు వేల లోపు బొగ్గుల గ్రిల్: కొనొచ్చా, వెల్డింగ్ షాపులో చేయించుకోవాలా?

పటమట డాబా:
ఆన్‌లైన్‌లో 1,900కి ఒక బార్బెక్యూ గ్రిల్ ఉంది. 18 × 12 అంగుళాల పెట్టె, లోతు 6, మడత కాళ్లు, మెరిసే జాలీ, పది ఊచలు. మొత్తం బరువు 2.4 కిలోలు అని రాశారు. వాడకం నెలకి రెండుసార్లు, డాబా మీద, ఆరుగురికి. ఎక్కువగా కోడి, అప్పుడప్పుడు కొర్రమీను. ఫొటోలో గట్టిగానే కనబడుతోంది. తీసుకోమంటారా?

గేజ్ లెక్క:
ఫొటో సంగతి వదిలేయండి, మీరు రాసిన బరువులోనే జవాబుంది. అడుగు, నాలుగు పక్కలు కలిపితే ఆ పెట్టె సరిగ్గా 4 చదరపు అడుగులు. 1.6 ఎంఎం రేకైతే పెట్టె ఒక్కటే నాలుగున్నర కిలోలు దాటాలి. మీ 2.4లోంచి కాళ్లు, జాలీ, ఊచలు తీసేస్తే కిలోన్నర కూడా మిగలదు. అంటే అర ఎంఎం రేకు. నిప్పుల వేడికి అడుగు బొజ్జలా కిందికి దిగుతుంది, మూలలు విచ్చుకుంటాయి, కాళ్ల బోల్టులు వదులవుతాయి. నిండా నిప్పులున్న పొయ్యి ఊగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, అడుగున గాలి రంధ్రాలున్నాయా? బొగ్గు నేరుగా రేకు మీద కూర్చుంటే బూడిద పేరుకుని, కింద గాలాడక, ముక్క సగం ఉడికేసరికి నిప్పులు చల్లారతాయి. ఇక విసనకర్ర వదలడానికి ఉండదు.

కొత్తపేట నిప్పులు:
జాలీ కూడా చూసుకోండి. ఆ మెరుపు చాలావాటికి సన్న ఇనప తీగ మీద క్రోమ్ పూతే. పూత పొరలుగా లేచి ముక్కకి అంటుకుంటుంది. అయస్కాంతం అంటింది కాబట్టి స్టీలు కాదనీ అనుకోకండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కీ అంటుతుంది. తీగ మందం చూడటమే నయం. పూత పోయిందని హార్డ్‌వేర్ షాపులో జీఐ మెష్ కొని మాత్రం వేయొద్దు. అది జింకు పూత, ఎర్రటి నిప్పుల మీద వచ్చే పొగ మంచిది కాదు.

ఏడాదికి రెండు మూడుసార్లయితే ఆ గ్రిల్లే కొనమనేవాణ్ణి, కిలోకి మించి బొగ్గు వేయకుండా. నెలకి రెండుసార్లంటే డబ్బు దండగ.

పటమట డాబా:
అర్థమైందండీ. మరి ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులో చేయిస్తే కొలతలు ఏం చెప్పాలి?

గేజ్ లెక్క:
పొడవు వెడల్పులు అవే ఉంచి, లోతు 8 చేయించండి. 1.6 ఎంఎం ఎంఎస్ రేకు, అంటే మామూలు ఇనప రేకు. అడుగున రెండేసి అంగుళాల ఎడంతో 10 ఎంఎం రంధ్రాలు. అడుక్కి అంగుళం పైన బొగ్గు కోసం వేరే జాలీ, బూడిద కిందికి రాలిపోవాలి. పైన ముక్కలకి 6 ఎంఎం చువ్వలు, మధ్య సందు 10 ఎంఎం. బొగ్గు రెండంగుళాల మందం పరిస్తే ముక్కకీ నిప్పుకీ ఐదంగుళాలు మిగులుతుంది, కోడికి సరిగ్గా సరిపోతుంది. పెయింటు వద్దని గట్టిగా చెప్పండి, అడక్కపోయినా వేసేస్తారు! మొదటిసారి ఖాళీగా అరగంట కాల్చి, చువ్వలకి నూనె పట్టించండి.

కొత్తపేట నిప్పులు:
ఆరుగురికి కిలోన్నర బొగ్గు. మీద తెల్లటి బూడిద పట్టేదాకా, సుమారు 20 నిమిషాలు, ముక్క పెట్టొద్దు. కిరసనాయిలు వాసన పోదు, కొబ్బరి పీచుతో రాజేయండి. పెట్టెలో మూడో వంతు నిప్పుల్లేకుండా వదలండి. నూనె కారి మంట లేస్తే కారం మాడిపోతుంది, ముక్కని వెంటనే అటు జరపాలి. ఎముకున్న లెగ్ పీసులైతే అక్కడే మూకుడు బోర్లించి మగ్గనివ్వండి. కొర్రమీనుకి ముందు, నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో వేడి చువ్వల్ని రుద్దండి, తోలు అంటుకోదు.

బూడిద మర్నాడే తీసేయండి. మన ఉక్కకి తేమ పీల్చుకుని అడుగు తినేస్తుంది.

గేజ్ లెక్క:
మర్చిపోయాను, పైజాలీ ఒకే ముక్క వద్దు, రెండు ముక్కలు చేయించండి. మధ్యలో బొగ్గు వేయాలంటే ఒకటి ఎత్తితే చాలు.