పాప రొమ్ములు గట్టిపడ్డాయి, నడుము కింద నీలం మచ్చ ఉంది. నాయనమ్మ పాలు పిండేయాలంటోంది, ఏం చేయాలి?

కొత్తమ్మ (తెనాలి దగ్గర పల్లె)

అందరికీ నమస్కారం. మాకు ఆదివారం పాప పుట్టింది. నార్మల్ డెలివరీ, ఈరోజు ఐదో రోజు. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉంది, ఇంటికి పంపే రోజు తూస్తే 2.7. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా ఆసుపత్రిలోనే వేశారు. ఇప్పుడు మా పుట్టింట్లో ఉన్నాం.

నిన్న పాపకి ఒళ్ళు తుడుస్తుంటే రెండు రొమ్ములూ గట్టిగా, చిక్కుడు గింజంత ఉబ్బి కనిపించాయి. ఒక దాంట్లోంచి పాలలాంటి చుక్క కూడా వచ్చింది. పిండేయకపోతే లోపల గడ్డ కడుతుందని మా నాయనమ్మ అంటోంది. ఊళ్ళో ఒకావిడ ఉంది, రేపు వచ్చి పిండుతుందట. పిర్రల మీద అరచేయంత నీలం మచ్చ కూడా ఉంది. కాన్పులో దెబ్బ తగిలిందేమోనని అమ్మ ఏడుస్తోంది. ఈ పొద్దున లంగోటాకి కొంచెం రక్తపు జీర అంటుకుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

మొహం, కళ్ళు కాస్త పసుపుగా ఉన్నాయి కానీ అది అందరు పిల్లలకీ ఉండేదే అన్నారు. పొద్దుటెండలో పడుకోబెడుతున్నాం.

వార్డు సిస్టర్

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. ముందు ఒక్క మాట. రేపు ఆవిడని రానివ్వకండి. పాప రొమ్ముల మీద ఎవరి చేయీ పడకూడదు.

కడుపులో ఉన్నప్పుడు మీ హార్మోన్లు పాపకీ చేరాయి, వాటి వల్లే ఆ ఉబ్బు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ వస్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పిండితే చర్మం చిట్లి క్రిములు లోపలికి పోతాయి. చీము పట్టి, ఎర్రగా వాచి, జ్వరంతో మా వార్డుకి వచ్చిన పిల్లల్ని చూశాను. అంత చిన్న రొమ్ముని కోసి చీము తీయాల్సి వస్తుంది. ఆడపిల్ల కాబట్టి అక్కడి కణజాలం దెబ్బతింటే పెద్దయ్యాక కూడా ఇబ్బందే. నాయనమ్మ గారికి ఇదంతా మెల్లగా చెప్పండి, ఆవిడ ప్రేమకొద్దీ అంటున్న మాటే. ఒక పక్కే ఎర్రబడి, వేడిగా ఉండి, తాకితే పాప ఏడుస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

రక్తపు జీర కూడా ఆ హార్మోన్ల పనే. అవి ఒక్కసారిగా తగ్గేసరికి మొదటి వారంలో కొందరు ఆడపిల్లలకి అలా కొద్దిగా కనిపించి ఆగిపోతుంది. ఎక్కువైనా, ఆగకపోయినా, బొడ్డు నుంచి గానీ ఇంకెక్కడి నుంచి గానీ రక్తం వచ్చినా వెంటనే చూపించండి. నీలం మచ్చ దెబ్బ కాదు. మంగోలియన్ స్పాట్ అంటారు, మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. రంగునిచ్చే కణాలు చర్మం లోపలి పొరలో ఉండిపోవడం వల్ల అలా కనిపిస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. అమ్మగారిని ఏడవొద్దనండి. బరువు 200 గ్రాములు తగ్గిందంటే సుమారు 7 శాతం. మొదటి రోజుల్లో అంత తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలి.

నాకు భయంగా ఉన్నది మీరు చివర్లో రాసిన పసుపు గురించి. కామెర్లు చాలామంది పిల్లలకి రెండో మూడో రోజు మొదలవుతాయి, నిజమే. కానీ ఏ పిల్లకి ఎంతవరకు పెరుగుతాయో కంటితో చెప్పలేం. బాగా పెరిగితే మెదడుకి చేటు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పాప నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలి చూడండి. తర్వాత ఛాతీ, పొట్ట, మోకాళ్ళు, అరికాళ్ళు. పసుపు తల నుంచి కిందికి దిగుతుంది. అరచేతులు, అరికాళ్ళు పచ్చగా ఉంటే రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా అంతే. మలం సున్నంలా తెల్లగా ఉంటే అది కూడా ఆలస్యం చేయకూడని సంగతి.

ఎండని నమ్ముకోకండి. వార్డులో పెట్టే నీలి లైటు వేరు. దాని వెలుగు బిలిరుబిన్‌ని, అంటే ఒంటికి ఆ పసుపు రంగు తెచ్చే పదార్థాన్ని, మూత్రంలో, మలంలో బయటికి పోయేలా మారుస్తుంది. ఎంత వెలుగు, ఎంతసేపు అన్నది లెక్క ప్రకారం ఇస్తారు. బట్టలు విప్పి ఎండలో పడుకోబెడితే పాప చల్లబడొచ్చు, వడలిపోవచ్చు. గ్లూకోజు నీళ్ళూ వద్దు. మీ పాలే రోజుకి 8 నుంచి 12 సార్లు ఇవ్వండి. మీ బ్లడ్ గ్రూపు, పాప గ్రూపు ఏంటి?

పెద్దబ్బాయి వాళ్ళమ్మ

మా ఇంట్లో ముగ్గురు పిల్లలకీ మంత్రసాని పిండింది, ఏమీ కాలేదు. ఊరికే భయపెట్టకండి.

వార్డు సిస్టర్

మీ పిల్లలకి ఏమీ కానందుకు సంతోషమండీ. చాలామందికి ఏమీ కాదు. అయినవాళ్ళు మా వార్డులో ఉంటారు. ఏ పిల్లకి అవుతుందో ముందే తెలియదు కాబట్టే వద్దంటున్నాను.

డాలస్ నుంచి

నీలం మచ్చ గురించి ఒక మాట. మా బాబుకీ ఉంది. ఇక్కడ డాక్టరు మొదటి చెకప్‌లోనే అది ఎక్కడ ఉందో, ఎంత ఉందో రికార్డులో రాసింది. ఆ మచ్చ గురించి తెలియనివాళ్ళు దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, డేకేర్‌లో వేసేటప్పుడు ముందే చెప్పమంది. విదేశాల్లో ఉండే వాళ్ళు తప్పకుండా రాయించుకోండి.

కొత్తమ్మ

సిస్టర్, నాది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. నిన్న మీరు చెప్పినట్టు చూస్తే పసుపు పొట్ట దాకా ఉంది. అరికాళ్ళు బాగానే ఉన్నాయి. పొద్దున్నే తీసుకెళ్ళాం. బిలిరుబిన్ 13.2 వచ్చింది. ఇప్పుడు లైటు అవసరం లేదు, రెండు రోజుల్లో మళ్ళీ తీసుకురండి అన్నారు. పిండే ఆవిడని నాన్నే వద్దని చెప్పి పంపేశారు.

వార్డు సిస్టర్

మంచి పని చేశారమ్మా. తల్లిది ఓ, బిడ్డది బి అయితే కామెర్లు పెరిగే అవకాశం కాస్త ఎక్కువ. అందుకే రెండో పరీక్ష మానకండి, రంగు తగ్గినట్టు కనిపించినా సరే. ఏడో రోజు ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. ఆవిడతో పాప బరువు తూయించి కార్డులో రాయించండి. ఆ తర్వాత కూడా 14, 21, 28, 42 రోజుల్లో రావాలి, రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి. బొడ్డుకి పసుపు, నూనె, పౌడరు ఏమీ రాయకండి, పొడిగా ఉంచితే చాలు. అది ఊడేదాకా స్నానం బదులు పాప ఒళ్ళు తడిగుడ్డతో తుడవండి.