అల్యూమినియం ఫ్లోరు పొంగింది: మళ్లీ వెల్డింగా, రివిట్లా?

గోదావరి బండి:
భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు, చేపలు ఐసులో వేసుకుని తిరిగే బండి నాది. బాడీ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, లోపలంతా పఫ్, అంటే చలి బయటకి పోకుండా ఆపే ఫోమ్. ఈమధ్య ఫ్లోరుకి 3 ఎం.ఎం. అల్యూమినియం చెకర్ ప్లేట్ (కాలు జారకుండా గీతలు తేలి ఉండే షీటు) వేయించాను. మూడు షీట్లు అడ్డంగా పరిచి, రెండు జాయింట్లూ ఈ చివర నుంచి ఆ చివరకి ఆపకుండా మిగ్‌తో, అంటే వైరుని మిషనే అందించే వెల్డింగ్‌తో లాగేశారు. చుట్టూ అంచులకీ అలాగే కొట్టారు. చల్లారేసరికి నడుమ అప్పడంలా పొంగింది. కాలు వేస్తే టక్కున దిగుతుంది, తీస్తే లేస్తుంది. ఐసు నీళ్లు డ్రైన్ వైపు పోకుండా మూలల్లో నిలుస్తున్నాయి. "అల్యూమినియం అంటే ఇంతే" అంటున్నారు షెడ్డువాళ్లు. నిజంగా ఇంతేనా? విప్పించి మళ్లీ వెల్డింగ్ చేయించనా, రివిట్లకి పోనా?

రివిట్ల పక్షం:
రివిట్లే వేయించండి. ఈ లోహం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. మీ 12 అడుగుల షీటు 40 డిగ్రీల ఎండలోంచి ఐసు చలికి దిగితే మూడు ఎం.ఎం.కి పైనే కుంచించుకుంటుంది. కింద ఛాసిస్ అంత కుదించుకోదు. చుట్టూ బిగించేసిన షీటు ఎటు పోతుంది? రివిట్ కన్నం కాస్త వదులుగా పెట్టి, కింద పాలీయురేథేన్ సీలెంట్ పూస్తే ఆ కదలిక దానికి దొరుకుతుంది. దారిలో దెబ్బ తగిలినా ఒక్క షీటు మార్చుకుంటే సరిపోతుంది.

ఆటోనగర్ పాతికేళ్లు:
తమ్ముడూ, పొడి సరుకు బండికి అయితే నీ మాట నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. ఇది చేపల బండి. వదులుగా పెట్టిన ప్రతి కన్నం రేపు నీళ్లకి దారే. గతుకుల్లో సీలెంట్ ఊడుతుంది, నీళ్లు పఫ్‌లోకి దిగుతాయి, ఆ తర్వాత ఎంత కడిగినా వాసన పోదు. అలా తడిసి బరువెక్కిన ఫ్లోర్లు విజయవాడలో నా చేత్తో ఎన్ని పీకానో.

తప్పు వెల్డింగ్‌ది కాదు, చేసిన వరసది. గోదావరి అన్నా, ముందు ఒకటి చెప్పండి. బాడీ లోపలే, పఫ్ మీదే కొట్టారా?

గోదావరి బండి:
అవునండీ, లోపలే. ఆ రోజు కాలిన వాసన కూడా వచ్చింది.

ఆటోనగర్ పాతికేళ్లు:
అది మరీ పెద్ద తప్పు. పఫ్ కాలితే విషపు పొగ వస్తుంది, బండే అంటుకోవచ్చు. ఫ్లోరు బయట బల్ల మీద తయారుచేసి లోపలికి దించాలి. మీ సైజుకి షీటు బరువు అరవై డెబ్బై కిలోలు ఉంటుంది, ఇద్దరు మోస్తారు.

నేను చేసే పద్ధతి చెప్తాను. జాయింట్‌లో సందు లేకుండా అంచులు కలవాలి. సందు ఉంటే మెటల్ ఎక్కువ పోయాలి, పోసిన కొద్దీ లాగుతుంది. అసిటోన్‌తో జిడ్డు తుడిచి, స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకాలి, ఆ బ్రష్ ఇనుము మీద వాడకూడదు. పైన ఉండే ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, లోపలి లోహం 660కే కరిగిపోతుంది. పొర తీయకపోతే వెల్డర్ కరెంటు పెంచుతాడు, షీటు వంకర పోతుంది. జాయింట్ కింద రాగి పట్టీ పెట్టి, రెండు వైపులా మందపాటి యాంగిల్‌తో బిగించాలి. రెండు మూడు అంగుళాలకో ట్యాక్, అంటే షీటు కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డ్ చుక్క. ట్యాకులు కూడా నడుమ మొదలెట్టి అటొకటి ఇటొకటి వేసుకుంటూ అంచులకి వెళ్లాలి.

తర్వాత రెండంగుళాల ముక్క ఒకటి కొట్టి, దూరంగా ఇంకోచోటికి వెళ్లాలి. చెయ్యి పెట్టి చూస్తే కాలకూడదు, అప్పుడే పక్క ముక్క. ప్రతి ముక్కా కాస్త ముందు నుంచి మొదలెట్టి, వెనకటి ముక్క మొదట్లో కలిపేయాలి. ముక్క చివర పడే గుంట నింపకుండా ఆపితే అక్కడే పగులుతుంది. ఈ ఆరడుగుల జాయింట్‌కి నాకు పూట పడుతుంది. ఓనర్ కంగారు పెడితే పని అక్కడే చెడుతుంది.

షార్జా యార్డ్:
ఇక్కడ పడవల మీద అల్యూమినియం పనే చేస్తాను. పెద్దాయన చెప్పిన వరస కరెక్ట్. గ్యాస్ ప్యూర్ ఆర్గాన్ ఉండాలి, ఇనుముకి వాడే కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ పనికిరాదు. ఇంకొకటి, మన దగ్గర చాలామంది అల్యూమినియం అనగానే "ఆర్గాన్ వెల్డింగే", అంటే వైరు చేత్తో అందించే టిగ్, చేయించమంటారు. పొడవు జాయింట్‌కి అది నెమ్మది, షీట్‌లోకి వేడి ఎక్కువ ఎక్కుతుంది. కరెంటు ఎక్కుతూ దిగుతూ కొట్టే పల్స్ మిగ్ చురుగ్గా సాగిపోతుంది. అల్యూమినియం రకాలకి నంబర్లు ఉంటాయి, షీటు 5052 రకం అయితే వెల్డింగ్‌కి 5356 రకం వైరు అడగండి.

గోదావరి బండి:
ఇప్పుడున్నదాన్ని సుత్తితో కొట్టి చదును చేయించొచ్చా? షీట్లకి మళ్లీ డబ్బులు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

మెటలర్జీ విద్యార్థి:
నడుమ కొట్టకండి అన్నా. అక్కడ షీటు పెరగలేదు, వెల్డ్ పడిన అంచులు కుంచించుకున్నాయి. నడుమ కొడితే ఇంకా సాగి, ఇంకా పొంగుతుంది. కొట్టాలంటే కింద దిమ్మ పెట్టి వెల్డ్ గీత మీదే కొట్టాలి, అది సాగితే నడుమ దిగుతుంది. గ్యాస్ మంటతో సరిచేస్తామన్నా ఒప్పుకోవద్దు. అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడదు, చూస్తుండగానే కన్నం పడుతుంది.

రివిట్ల పక్షం:
జాయింట్ల దగ్గర పెద్దాయన మాట ఒప్పుకుంటున్నాను, నీళ్ల సంగతి నేను తక్కువ అంచనా వేశాను. కానీ చుట్టూ అంచుల వెల్డింగ్ మాత్రం ఎంత బాగా చేసినా వద్దనే అంటాను. కుంచించుకునే షీటుని నాలుగు వైపులా కట్టేస్తే ఏదో ఒక ట్రిప్పులో మూల చీలుతుంది.

ఆటోనగర్ పాతికేళ్లు:
అందుకే నేను అంచులు నాలుగంగుళాలు పైకి మడిపిస్తాను, తొట్టిలాగ. అప్పుడు వెల్డింగ్ రెండు జాయింట్లకీ, నాలుగు మూలలకే. గోడకీ మడతకీ మధ్య సీలెంట్, దాన్ని కప్పేలా పైన ఒక పట్టీ, ఆ పట్టీకి గోడ వైపు మాత్రమే రివిట్. షీటు కింద స్వేచ్ఛగా కదులుతుంది, నీళ్లు మడత దాటవు. ఇనుము తగిలేచోట రబ్బరు పట్టీ వేయించండి, లేకపోతే తడిలో ఇనుము తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది.

గోదావరి బండి:
పాత షీట్లకి మడత పెట్టేంత వెడల్పు మిగల్లేదు, కొత్తవే తీసుకుంటున్నాను. పాతవి ఇంటి దగ్గర ట్రాలీకి వాడుకుంటాను. కొత్త షీట్లు మడతలకి సోమవారం బెండింగ్ మెషిన్ దగ్గరికి వెళ్తున్నాయి. కాలిన పఫ్ కూడా ఆ చోట కోసి మార్పిస్తున్నాను. ఈసారి వెల్డర్‌తో ముందే మాట్లాడుకున్నాను, రెండు రోజులు పట్టినా పర్లేదని.