చలికాలం బండి పక్కన పెడితే బ్యాటరీ విప్పాలా, వారానికోసారి స్టార్ట్ చేస్తే చాలా?

మిషిగన్ నుంచి, కొత్త రైడర్:
ఈ ఏడాదే బండి కొన్నాను. నవంబరులో అపార్ట్‌మెంట్ కార్‌పోర్టులో పెట్టేశాను, మళ్లీ ఏప్రిల్లోనే తీసేది. అక్కడ ప్లగ్ లేదు. మూడు వారాలుగా ఆదివారం ఆదివారం కిందికెళ్లి పది నిమిషాలు స్టార్ట్ చేస్తున్నాను. బ్యాటరీ విప్పమంటున్నాడు ఫ్రెండు. అవసరమా? ఊళ్లో నా పాత బండిని నాన్న ఇలాగే చూసుకుంటారు, ఇప్పటికీ ఒక్క కిక్కుకే అందుకుంటుంది.

బఫెలో అన్న:
నువ్వు చేస్తున్నదే కరెక్ట్ తమ్ముడూ. నెలల తరబడి కదపకపోతే ఆయిల్ మొత్తం కిందికి దిగిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి. నేను రెండేళ్లు ఇలాగే లాగాను.

మినియాపోలిస్ గ్యారేజ్:
తమ్ముడూ, ఈ ఆదివారం స్టార్ట్ చేయకు. నాన్నగారి బండికి కిక్కుంది, కిక్కు కొడితే బ్యాటరీ మీద భారం పడదు. నీది సెల్ఫ్ ఒక్కటే కదా. చలికి చిక్కబడ్డ ఆయిల్లో ఇంజిన్ తిప్పాలంటే సెల్ఫ్ బ్యాటరీని గట్టిగా లాగేస్తుంది. అలా పోయింది బండి కదలకుండా పది నిమిషాలు ఇంజిన్ తిప్పినంతలో చాలా బండ్లకి తిరిగి నిండదు. వారం వారం కాస్త కాస్త ఖాళీ చేస్తున్నావన్నమాట.

పైగా పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అంతసేపట్లో సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి ఆవిరి లోపలే నీరై ఆగుతుంది, కొంత ఆయిల్లోకీ చేరుతుంది. తుప్పు లోపలినుంచి మొదలవుతుంది.

మొదటి చలికాలం నేనూ ఇదే చేశాను. మార్చిలో సీటు తీస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, ఒక మూల వెంట్రుకంత పగులు. లోపల గడ్డకట్టింది. నిండా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ చలికీ గడ్డకట్టదు, ఖాళీది మైనస్ 10 దగ్గరే కట్టేస్తుంది. మన దగ్గర జనవరి ఎలా ఉంటుందో తెలుసుగా.

ప్లగ్ లేకపోతే బ్యాటరీనే పైకి తెచ్చుకో. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. లేదంటే స్పానర్ ఫ్రేముకి తగిలి షార్ట్ అవుతుంది. చార్జ్ చేశాక కొన్ని గంటలాగి మల్టీమీటర్ పెట్టు. 12.7 వోల్టుల దగ్గరుంటే నిండినట్టే. 12.4కి దిగితే మళ్లీ చార్జ్ పెట్టు, అలా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది.

టొరంటో అక్క:
చార్జర్ చూసి కొనండి. నిండగానే తనే తగ్గించుకునే మెయింటెయినర్ అయితే నెలలు ఉంచినా పర్లేదు. నిండినా ఆగకుండా ఎక్కిస్తూనే ఉండే పాతరకం ట్రికిల్ చార్జర్ అలాగే వదిలేస్తే లోపలి నీళ్లు ఇంకిపోతాయి. లిథియం బ్యాటరీకి దాని చార్జరే వాడాలి, సున్నా కింద చలిలో అసలు చార్జ్ పెట్టకూడదు.

బఫెలో అన్న:
బ్యాటరీ సంగతి ఒప్పుకుంటాను. మరి ఆయిల్ మాటేంటి?

మినియాపోలిస్ గ్యారేజ్:
న్యాయమైన ప్రశ్నే అన్నా. వాడిన ఆయిల్లో ఆమ్లాలుంటాయి, అందుకే మూల పెట్టేముందే ఆయిల్ మార్చాలి. ట్యాంకు నింపి, పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ వేసి, అది ఇంజిన్ దాకా చేరేలా కాసేపు నడపాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. ఎండ కాసి రోడ్డు పొడిగా ఉన్నరోజు బ్యాటరీ బిగించి అరగంట నిజంగా తోలగలిగితే తోలండి, అది వేరే మాట.

మిషిగన్ నుంచి, కొత్త రైడర్:
ఇప్పుడే విప్పి వంటగదిలో పెట్టాను. 12.2 చూపిస్తోంది. మూల పెట్టినరోజు 12.7 ఉంది. చార్జర్ కొనడానికి వెళ్తున్నాను.