కాలనీల్లో అపార్ట్‌మెంట్లు ఆపాలా? హైదరాబాద్‌లో ఈసీఐఎల్, కాప్రా వైపు వాళ్లు చెప్పండి

పాతకాపు_కాప్రా:
ఆదివారం మా కాలనీ అసోసియేషన్ మీటింగ్. 400 గజాల లోపు ప్లాట్లలో అపార్ట్‌మెంట్లకు పర్మిషన్ ఇవ్వొద్దని కమిషనర్‌కి అర్జీ పెడుతూ తీర్మానం తెస్తున్నాం. ఇన్నాళ్లూ అన్నీ ఇండిపెండెంట్ ఇళ్లే. ఇప్పుడు ఒక్కోటీ కూలుతోంది, అక్కడ కింద పార్కింగ్ స్తంభాలతో స్టిల్టు అపార్ట్‌మెంటు లేస్తోంది. మన దగ్గర రెసిడెన్షియల్ జోన్ అంటే అన్నీ ఒకే గాటన కట్టేయడమే. విల్లా కట్టినా, ఫ్లాట్లు లేపినా జోన్ అడ్డు చెప్పదు. 2006లో ఎఫ్ఎస్ఐ, అంటే ప్లాటు సైజుకి ఇంతే కట్టాలన్న పరిమితి, ఎత్తేశారు. ఆ తర్వాత 2012లో బిల్డింగ్ రూల్స్ జీవో 168 వచ్చింది. రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, సెట్‌బ్యాకు (చుట్టూ వదిలే ఖాళీ), వీటిని బట్టే ఎత్తు. ఇండిపెండెంట్ ఇళ్లకంటూ విడిగా ఒక జోన్ ఉంటే తప్పేంటి?

నాచారం_అన్న:
తప్పే. చెరువుల కోసం 1996లో జీవో 111 అని 84 ఊళ్లల్ల కట్టడాలకు గీత గీసిన్రు. 2022లో దాన్నే సడలించిన్రు. గండిపేట, హిమాయత్‌సాగర్‌లకే నిలవని గీత మీ వీధికి నిలుస్తదా సార్?

టేపు_మాస్టర్:
ముందు రోడ్డు సంగతి తేల్చండి. మీ వీధి కాగితం మీద 30 అడుగులే కావచ్చు. ఇంటింటి ముందు ర్యాంపు, మెట్లు, మొక్కల గట్టు పోను ఎంత మిగిలింది? ఎవరైనా కొలిచారా?

పాతకాపు_కాప్రా:
ర్యాంపుల గురించి కాదు ఈ చర్చ. నీళ్ల గురించి. ఒక కుటుంబం ఉన్న చోట పది కుటుంబాలు వస్తే డ్రైనేజీ లైను అదే, బోర్లు దిగేది అదే నేలలోకి. ఎండాకాలం ట్యాంకరు బుక్ చేసి కూచోవాలి. మ్యాన్‌హోలు పొంగితే మా గేటు ముందే.

సుజాత_సఫిల్‌గూడ:
మా వీధిలోనూ ఇదే గోల. పొద్దున లేస్తే వాసన.

నాచారం_అన్న:
నీళ్లు నెలకు 20 వేల లీటర్లు ఫ్రీ. ఇండిపెండెంట్ ఇంట్ల ఇద్దరున్నా అంతే, ఫ్లాట్ల ఐదుగురున్నా అంతే. మీరు కారు కడుగుతరు, లాన్ తడుపుతరు. ఎవరు ఎక్కువ వాడుతున్నరో చెప్పున్రి. కేపీహెచ్‌బీ పోయి చూడున్రి. హౌసింగ్ బోర్డు తక్కువ ఆదాయమున్నోళ్లకు కట్టిచ్చిన ఎల్ఐజీ ఇండ్ల మీద అంతస్తులు ఏసుకున్నరు. హైటెక్ సిటీల కొలువు చేసే పిల్లలు ఉండేది గా అర్రలల్లనే. అన్ని కాలనీలు మీ లెక్క గేటు పెట్టుకుంటే వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు అవతల కీసరకు పోవాల్నా?

శ్రీధర్_ప్లానింగ్:
ఇద్దరూ అసలు రూలు చూడట్లేదు. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఆ సైజుకి 10 మీటర్లు మించి ఎత్తు ఇవ్వరు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల లోపు అయితే ఆన్‌లైన్‌లో ఓనరు సొంత పూచీ మీదే పర్మిషన్ వచ్చేస్తుంది. చిక్కు అక్కడ లేదు. కాగితంలో రెండంతస్తులు చూపిస్తారు, కట్టేది నాలుగు, ఆపైన పెంట్‌హౌస్. తర్వాత అక్రమ కట్టడాలకు ఫీజు తీసుకుని ఆమోదముద్ర వేసే బీఆర్ఎస్ లాంటి స్కీము ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు. కొత్త జోన్ గీసినా కట్టేవాడు ఇలాగే కడతాడు. ఉన్న రూలు అమలు చేయమని అడగండి.

టేపు_మాస్టర్:
అమలు అంటే ర్యాంపుల నుంచే మొదలవ్వాలి.

పాతకాపు_కాప్రా:
మాస్టారూ, మీ ర్యాంపులకో దండం. శ్రీధర్‌గారూ, అమలు చేసే నాథుడెవరు? ఫిర్యాదు పెడితే నోటీసు అంటారు, ఈలోపు శ్లాబు వేసేస్తారు. అందుకే మొదట్లోనే ఆపాలంటున్నా.

నాచారం_అన్న:
ఆపమనే హక్కు మీకు ఎవరిచ్చిన్రు? మీ పిల్లలు డాలస్‌ల ఉన్నరని మీరే ఇంకో పోస్టుల రాసుకున్నరు. 300 గజాలల్ల ఇద్దరు మనుషులు, పై పోర్షన్‌కు తాళం. మా నాయిన కష్టపడి 200 గజాలు కొన్నడు. ముగ్గురం అన్నదమ్ములం. నేలను మూడు ముక్కలు చేస్కోవాల్నా? బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తే తలా ఒక ఫ్లాటు వస్తది. మీకు నీడ పడ్తదని మేం కిరాయి ఇండ్లల్లనే బత్కాల్నా?

పాతకాపు_కాప్రా:
నా పిల్లల ఊసు నీకెందుకు? సరే, కడుపులో మాట చెప్తా విను. మా ఎదురు బిల్డింగులో బిల్డరు తన వాటా ఫ్లాట్లన్నీ హాస్టల్‌కి ఇచ్చేశాడు. పొద్దు లేదు, రాత్రి లేదు, బైకులు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎప్పుడు పోతారో తెలీదు. ఒకప్పుడు ఈ వీధిలో ప్రతి ఇంటి పెళ్లికీ భోజనానికి వెళ్లినవాణ్ణి. ఇప్పుడు గేటు తీయాలంటే ఆలోచిస్తున్నా.

టూలెట్_బోర్డు:
అంకుల్, అలాంటి హాస్టల్లో ఉండేవాడినే నేను. సరదా కొద్దీ చేరలేదు. మీ ఏరియాలోనే ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్ అడిగా. ఆంటీ ముందు పెళ్లయిందా అన్నారు. తర్వాత మీరేమిట్లు అని కులం అడిగారు. తర్వాత ఇంట్లో గుడ్డు వండుతారా అన్నారు. రోజుకు ఎన్ని నీళ్లు వాడతావని మాత్రం అడగలేదు.

సుజాత_సఫిల్‌గూడ:
🙏

పాతకాపు_కాప్రా:
ఇల్లు వాళ్లది. ఎవరికి ఇవ్వాలో వాళ్లిష్టం. ఇందులో తప్పు పట్టేదేముంది?

నాచారం_అన్న:
గదే మాట నేనంటే మాత్రం మీకు తప్పయితది. ప్లాటు నాది, ఏం కట్టాల్నో నా ఇష్టం అంటే జోన్ కావాలంటరు.

శ్రీధర్_ప్లానింగ్:
ఒక్కటే చెప్తా. అసోసియేషన్ తీర్మానానికి చట్టబలం లేదు. పర్మిషన్ ఇచ్చేవాళ్లు దాన్ని చూడాలనీ లేదు. పార్కింగ్, ఇంకుడు గుంత, సెట్‌బ్యాకు చూసి, ఇవి లేనిదే కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వొద్దని రాయండి. దానికైతే నాచారంగారు కూడా సంతకం పెట్టొచ్చు.

నాచారం_అన్న:
దానికైతే పెడ్త.

టేపు_మాస్టర్:
ర్యాంపు కూడా కలపండి.

పాతకాపు_కాప్రా:
తీర్మానంలో 400 గజాలన్నది 250 చేశా. హాస్టళ్లు వద్దన్న ముక్క కొత్తగా చేర్చా. అంతకు మించి దిగను. మీటింగ్ ఆదివారం పది గంటలకు, కమ్యూనిటీ హాల్లో. మా కాలనీ వాళ్లకు మాత్రమే. నాచారం నుంచి ఎవరూ శ్రమపడి రానక్కర్లేదు.

నాచారం_అన్న:
కిరాయికుండేది నాచారంల సార్. ప్లాటు మీ కాలనీలనే, నాలుగో వీధి. ముగ్గురం వస్తున్నం.