లేదనడం కుదరకపోతే ఉన్నట్టేనా?

సందేహి: కరణీయ సంఖ్యకు (√2లా, పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిదానికి) కరణీయ సంఖ్యనే ఘాతంగా వేస్తే అకరణీయం (భిన్నంగా రాయగలిగేది) రావచ్చా? వస్తుందనడానికి ప్రసిద్ధమైన నిరూపణ ఇది. √2కు √2 ఘాతం వేయండి. ఫలితం అకరణీయమైతే పని అయిపోయింది. కరణీయమైతే దానికి మళ్లీ √2 ఘాతం వేయండి, 2 వస్తుంది. జంట ఉందంటారు, రెండింటిలో ఏదో చెప్పరు! నాకు మింగుడుపడదు. ‘ఔను, కాదు, మూడో దారి లేదు’ అనే నియమాన్ని అనంతానికి వర్తింపజేయడం నమ్మదగింది కాదని డచ్ గణితజ్ఞుడు బ్రౌవర్ 1908లోనే అన్నాడు.

లెక్కల మాస్టారు: రెండింటిలో ఏదన్నది తర్వాత తేలిందిగా. గణితజ్ఞులు గెల్ఫొండ్, ష్నైడర్ల 1934 నాటి సిద్ధాంతం ప్రకారం ఆ ఫలితం కరణీయమే. ‘మూడో దారి లేదు’ అనే ఆ నియమాన్ని గణితజ్ఞుడి నుంచి లాక్కోవడం ఖగోళ శాస్త్రజ్ఞుడి దూరదర్శినిని లాక్కోవడమేనని జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ ఊరికే అనలేదు. మీ లెక్కన √2 కరణీయమన్న పాఠాన్నీ చించేయాలి, అదీ వైరుధ్యంతో చేసిందే.

సందేహి: అక్కర్లేదు మాస్టారూ. అక్కడ అకరణీయమనుకుంటే చిక్కొస్తుందని చూపి ‘అకరణీయం కాదు’ అంటున్నాం. కాదనడానికి అంతకు మించి ఏం కావాలి? బ్రౌవర్‌కూ సమ్మతమే. నా పేచీ ‘లేకపోవడం కుదరదు, కాబట్టి ఉంది’ అనే దూకుడుతోనే. పైగా 1934 దాకా ఆగనవసరం లేదు. 2 ఆధారంగా 9కి లాగరిథమ్ (2కు ఎంత ఘాతం వేస్తే 9 వస్తుందో ఆ సంఖ్య) తీసి, √2కు ఘాతంగా వేయండి, 3 వస్తుంది. ఆ లాగరిథమ్ భిన్నమైతే 2 ఘాతమొకటి 9 ఘాతంతో సమానం కావాలి. సరిసంఖ్య, బేసిసంఖ్య సమానమవుతాయా? కాబట్టి ఆ లాగరిథమూ కరణీయమే, జంట చేతికొచ్చింది.

న్యాయదర్శన విద్యార్థి: ఈ పేచీ మనకు పాతదే. ఆంధ్రుడైన అన్నంభట్టు తన న్యాయదర్శన గ్రంథం తర్కసంగ్రహంలో ‘నిప్పు లేకపోతే పొగా ఉండేది కాదు’ అనే తరహా తర్కాన్ని సంశయం (అనుమానపడడం), విపర్యయం (ఒకదాన్ని మరొకటిగా పొరబడడం)తో కలిపి అయథార్థానుభవాల్లో, అంటే ఉన్నదున్నట్టు తెలియని అనుభవాల్లో వేశాడు. అది ప్రమాణానికి (సరైన జ్ఞానాన్నిచ్చే సాధనానికి) తోడు నిలుస్తుందే కానీ తానే ప్రమాణం కాదు. అభావానికి (లేకపోవడానికి) అభావం భావమేనని, అంటే ఉండడమేనని ప్రాచీన నైయాయికులు. వేరేనని నవ్యులు, అయితే మూడో అభావం మొదటిదేనన్నారు. బ్రౌవర్ పక్షం తర్కంలోనూ మూడు నిషేధాలు ఒక్కదానితో సమానం, రెండు మాత్రం రద్దు కావు.

లెక్కల మాస్టారు: ముచ్చటైన పోలికే కానీ జాగ్రత్త. నైయాయికుల అభావం ఒక పదార్థం, అంటే లోకంలోని విషయాల్లో ఒక వర్గం, నేల మీద కుండ లేకపోవడం లాంటిది. బ్రౌవర్ నిషేధించేది ప్రతిపాదనను. ఇక సందేహి గారూ, మా అంకగణిత సిద్ధాంతాలను రెండేసి నిషేధాలతో మార్చి రాస్తే ఆ నియమం వాడని మీ అంకగణితంలోనూ నిరూపణ అవుతాయని తర్కవేత్త గోడెల్ 1933లో చూపాడు. మాది వైరుధ్యంతో కూలితే మీదీ కూలుతుంది. మరి మీకు దక్కిన అదనపు భద్రత ఏమిటి?

సందేహి: నేను భద్రత అడగలేదే. నిరూపణలోంచి సంఖ్యను రాబట్టే దారి అడిగాను. గోడెల్ పద్ధతిలో మార్చి రాస్తే మీ ‘ఉంది’ కాస్తా ‘లేకుండా ఉండదు’ అయిపోతుంది. ఆ మాటతో నాకు ఏ పేచీ లేదు.