గురువారం డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూ, కాస్త దారి చూపండి

నమస్తే అండీ. మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ఓ కమీషన్ కొట్లో నాలుగేళ్లుగా ఎక్సెల్‌లో లెక్కలు చూస్తున్నాను. రాత్రిళ్లు కూర్చుని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా తీసే భాష), పవర్ బీఐ (చార్టులు, డ్యాష్‌బోర్డులు చేసే టూల్) నేర్చుకున్నాను. వచ్చే గురువారం డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూ ఉంది.

పోయిన నెల ఒక ఇంటర్వ్యూలో బోల్తా పడ్డాను. రెండో అత్యధిక జీతం తియ్యమన్నారు. ఎస్‌క్యూఎల్‌లో ర్యాంక్ ఫంక్షన్ వాడి 2 దగ్గర ఫిల్టర్ పెట్టాను. పై జీతం ఇద్దరికి ఉండేసరికి ర్యాంకులు 1, 1, 3 అని వచ్చాయి, ఫలితం ఖాళీ! మధ్యలో నంబరు వదలకుండా 1, 1, 2 అని ఇచ్చే డెన్స్ ర్యాంక్ వాడాలని బస్సెక్కాక వెలిగింది. అలాంటివి ఇప్పుడు రోజూ చేస్తున్నాను, వాటి భయం లేదు.

టెన్షనంతా ‘అమ్మకాలు ఉన్నట్టుండి 15 శాతం తగ్గాయి, ఎందుకో ఎలా కనుక్కుంటారు?’ లాంటి ప్రశ్నలతోనే. ముందు డేటా సరిగ్గా వచ్చిందా అని చూసి, తర్వాత ఊరు, సరుకు, కస్టమర్ల వారీగా విడగొడతానని చెప్తే సరిపోతుందా? ఇంకా ఏం ఆశిస్తారు?

ఇంకోటి. అందరూ చూపించే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా ప్రాజెక్టు బదులు, తేజ మిర్చి ధరల మీద నేను చేసిన డ్యాష్‌బోర్డు చూపిద్దామనుకుంటున్నా. తాలు కాయ (రంగు పోయిన నాసిరకం మిర్చి) అంటే ఏంటో వాళ్లకి విడమర్చి చెప్పాల్సొస్తుందేమో గానీ, ఆ డేటాలో ప్రతి గడీ నాకు తెలుసు. మంచిదేనంటారా? ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.