బంకమట్టి మీద సైకిల్ బాట: సున్నం కలపాలా, గ్రావెల్ పెంచాలా?

భీమవరంలో పంట కాలువ పక్కన చెత్తదిబ్బగా మారిన 40 సెంట్ల స్థలాన్ని పార్కు చేస్తున్నాం. చుట్టూ 2.5 మీటర్ల సైకిల్ బాట. చెత్త ఎత్తేశాక తేలింది బంకమట్టి: కాలువ కట్టేస్తే నెర్రెలిస్తుంది, వదిలితే ఉబ్బుతుంది. పైన సిమెంటు పోస్తే పగుళ్లు ఖాయం, అందుకే పేవర్ బ్లాకులు.

లెక్క ఇదీ: 20 సెం.మీ. తవ్వి, జియోటెక్స్‌టైల్ (మట్టి, గ్రావెల్ కలిసిపోకుండా వేసే గుడ్డ) పరిచి, 15 సెం.మీ. గ్రావెల్‌ను రెండు వరసల్లో రోలర్‌తో అణచి, 3 సెం.మీ. ఇసుక, 6 సెం.మీ. బ్లాకులు. వాలు 2 శాతం, రెండంచులా కాంక్రీటు కట్టు. అది లేకపోతే బ్లాకులు పక్కకు జరుగుతాయి.

ఈ నేలకు 15 సెం.మీ. గ్రావెల్ చాలుతుందా? లేక అడుగు మట్టిలో 4 శాతం సున్నం కలిపితే మేలా? ఇసుక ఖరీదు చూస్తే క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) వైపు మనసు పోతోంది, కానీ వానకు బిగిసి నీరు ఇంకనివ్వదేమో. ఇక నీడకు కానుగ: బాట నుంచి ఎంత దూరంలో నాటితే వేళ్లు బ్లాకుల్ని లేపవు? డెల్టాలో చేసినవాళ్లు చెప్పండి.